నీ 'స' ఎక్కడ?

 

మేము నిజామాబాద్‌ల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునే పిల్లలం. సిరికొండ, ఇందల్వాయి, వర్ని, గాంధారి దిక్కు తండాల నుంచి వచ్చినం. ఒకరిద్దరు తప్ప అందరం మా ఇండ్లల్లో కాలేజీ గేటు దాటిన మొదటివాళ్లమే. పోయిన జనవరి 26కు మేము తొమ్మిది మందిమి కలిసి ఒక బ్యాండు పాట తయారు చేసినం. ఎట్ల చేసిన్రు, నగారా ఎట్ల పెట్టిన్రు అని మనోళ్లు చాలామంది అడిగిన్రు. విడివిడిగా చెప్పుడు కంటే ఒక్కసారి రాద్దామని కూర్చున్నం. పొడుగైంది, ఓపిక చేసుకొని చదవండి.

మొదలు ఎట్లైందంటే, మాల ముగ్గురు పెండ్లిండ్ల సీజన్ల బ్యాండు పార్టీతోని పోతరు. ఇద్దరు ట్రంపెట్, ఒకడు యుఫోనియం. ఒక్క రాత్రి బారాత్‌కు పోతే మెస్సుకు, జిరాక్సులకు నాలుగు పైసలు వస్తయి. ఇప్పుడు ప్రతి పెండ్లికి డీజే వచ్చినంక ఆ పని కూడా తగ్గింది. వాద్యాలు బ్యాండు షాపుల గోడకు వేలాడుతున్నయి. అట్ల ఖాళీగ ఉన్నవాటిని అడిగి హాస్టల్‌కు తెచ్చుకున్నం. క్లారినెట్ నేర్చుకుంటున్న తమ్ముడు ఒకడు, భజనల హార్మోనియం వాయించేటోడు ఒకడు, నగారా ఒకడు, కంచు పళ్లేలు ఇద్దరు, తన పిల్లనగ్రోవి తనే చేసుకున్నోడు ఒకడు. ఇదీ మా బలగం.

నేర్పింది బోధన్‌ల ఉండే ఒక ఉస్తాద్. పోలీసు బ్యాండుల క్లారినెట్ వాయించి రిటైరైండు. ఆదివారం ఆదివారం మేమే ఆయన దగ్గరికి పోయేటోళ్లం. నిజామాబాద్ బస్టాండు నుంచి ఎడపల్లి మీదుగ పాతిక కిలోమీటర్ల చిల్లర. వరి, చెరుకు, అక్కడక్కడ పసుపు. మంజీర మీద 1931ల పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు వచ్చినంకనే ఈ దిక్కు ఇంత చెరుకు వచ్చిందని ఉస్తాద్ చెప్తుంటడు. ఆయన బాపు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల పని చేసిండు. 1930ల చివర్ల మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ అది. 2015 డిసెంబరుల మూతపడ్డది. ఇప్పుడు ఇక్కడి చెరుకు లారీలెక్కి వేరే ఫ్యాక్టరీలకు పోతున్నది.

మేము ఎంచుకున్నది 'కదం కదం బఢాయే జా'. ఆజాద్ హింద్ ఫౌజ్ నడక పాట. వంశీధర్ శుక్లా రాసింది, కెప్టెన్ రామ్ సింగ్ ఠాకురి బాణీ కట్టింది. ఈనాటికీ మన సైన్యం బ్యాండ్లు వాయిస్తయి. ఉస్తాద్ తన ట్రంకు పెట్టె తీసి పాత జిరాక్సు కాగితాలు ముందర పరిచిండు. క్లారినెట్‌కే మూడు రకాల కాగితాలు. కార్నెట్, హార్న్, ట్రాంబోన్, యుఫోనియం, బేస్, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్, జల్లులు. లెక్కపెడితే ఇరవై మందికి తక్కువ కాదు. మేము తొమ్మిది మందిమి. అందుల ఐదుగురు వాయించే వాద్యాలకు ఆ కట్టల కాగితమే లేదు.

"మరి మేము?" అన్నడు నగారా వాయించేటోడు. ఆ మాట మా అందరికీ ఎరుకైన మాటే. కాలేజీల చేరిన మొదటి నెలల, క్లాసుల ఇంగ్లీషుల పాఠం నడుస్తుంటే, మేమందరం లోపల అనుకున్న మాట అదే.

మొదటి రిహార్సల్ చూస్తే నవ్వొస్తది. హార్మోనియం పిలగాడు ట్రంపెట్ కాగితం చూసి అదే స్వరాలు వాయించిండు. రెండు బారాత్‌లు ఒకే గల్లీల ఎదురుపడ్డట్టయింది. ఇద్దరూ కరెక్టుగనే వాయిస్తున్నరు, వినబుద్ధి అయితలేదు.

ఎందుకో ఉస్తాద్ చెప్పిండు. ట్రంపెట్, క్లారినెట్, మా యుఫోనియం, ఈ మూడు 'బి ఫ్లాట్' వాద్యాలు. కాగితం మీద 'సి' అని రాసింది వాళ్లు వాయిస్తే బయటికి పలికేది 'బి ఫ్లాట్'. మన భజనోళ్ల లెక్కల ఆరున్నర శృతి. ఆల్టో శాక్సోఫోన్ అయితే 'ఇ ఫ్లాట్', అంటే రెండున్నర. హార్మోనియం రాసింది రాసినట్టే పలుకుతది. అందుకే బ్యాండు కట్టల ఒక్కో రకానికి ఒక్కో కాగితం వేరే ఉంటది. ఒకరి కాగితం ఇంకొకరికి ఇస్తే పాట చీలిపోతది.

ఇక్కడ ఉస్తాద్ ఒక పని చేసిండు. ఆ ఇంగ్లీషు స్వరలిపి అంత పక్కన పెట్టి, పాటను స రి గ మ ల రాయమన్నడు, తెలుగు అక్షరాలతోనే. రాసినంక ఒక్కొక్కని ముందర నిలబడి ఒక్కటే ప్రశ్న అడిగిండు: "బేటా, నీ 'స' ఎక్కడ?"

అందరికీ 'స' ఆరున్నర దగ్గర పెట్టుకున్నం. ట్రంపెట్‌కు ఏ మీటా నొక్కకుండా ఊదితే వచ్చే 'సి' అనేదే 'స'. క్లారినెట్‌కు వెనక బొటనవేలు, ముందు ఎడమ చేతి మూడు వేళ్లు మూస్తే 'స'. హార్మోనియం మీద మూడు నల్ల మెట్లు ఒక్కదగ్గర ఉంటయి గదా, అందుల చివరిది 'స'. శాక్సోఫోన్ ఎవరన్న తెస్తే వాళ్ల 'జి' దగ్గర 'స'. ఆ ఒక్క జాగ దొరికినంక కాగితం అందరికీ ఒక్కటే. ఇరవై రకాల కాగితాలు అక్కరలేదు. మన దగ్గర తాతల కాలం నుంచి ఉన్న స రి గ మ కు ఈ సులువు ఉందని మాకు అప్పటిదాక తెల్వదు. 'స' ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి నడుస్తది.

తర్వాత ఇరవై కాగితాలను నాలుగు వరుసలు చేసినం. ఒకటి పాట. రెండు జోడి, అంటే పాటకు కొంచెం కింద దాని వెంబడే నడిచేది. మూడు, మార్చ్‌ల 'ఉం-చక్ ఉం-చక్' అని వినిపిస్తది గదా, ఆ 'చక్'. నాలుగు, ఆ 'ఉం', అంటే అడుగు. చార్టు పేపర్ మీద నాలుగు అడ్డగీతలు గీసి, ఎనిమిది మాత్రలకు ఒక గడి చేసి, గోడకు అంటించినం. ఏ వరుసా కింది 'ప' దాటి దిగొద్దు, పై 'రి' దాటి ఎక్కొద్దు అని నియమం పెట్టుకున్నం. కొత్తగ ఊదేటోనికి అంతకంటే పైకి పోతే పెదవి నిలబడదు. పాట వరుసను కూడా ఒక గడి ట్రంపెట్, ఒక గడి క్లారినెట్ పంచుకునేటట్టు చేసినం, ఊపిరి తీసుకోను సందు ఉండాలె గదా.

పెద్ద డ్రమ్ లేదు, దాని జాగల నగారా. జల్లులు, సైడ్ డ్రమ్ లేవు, వాటి జాగల కంచు పళ్లేలు. కానీ నగారాకు డ్రమ్ కాగితం అట్లనే ఇస్తే చచ్చినట్టు వినిపించింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. తీజ్ పండుగకు వాయించే చెయ్యి అది, నడుమ నడుమ కొస దెబ్బలు పడకుంటే ఊకోదు. "అడుగు తప్పకుండ నీ తీరుగ వాయించు" అన్నడు ఉస్తాద్. అప్పుడు పాట లేచి నిలబడ్డది.

ఇట్లాంటి దానికి బయటి దేశాల్ల పేరే ఉందని తర్వాత ఫోన్ల చదివి తెలుసుకున్నం. ఆస్ట్రేలియాల పుట్టిన పెర్సీ గ్రెయింజర్ అనే ఆయన 1930 ప్రాంతంలనే 'ఎలాస్టిక్ స్కోరింగ్' అని రాసిండు. రబ్బరు లెక్క సాగే సంగీతం అనుకోండి. ఏ వాద్యం వాయిస్తున్నదన్నది కాదు, వరుసల నడుమ తూకం కుదిరిందా లేదా అన్నదే చూడాలె, ఉన్నోళ్లందరినీ కూర్చోబెట్టుకోవాలె అని ఆయన వాదన. 2020ల కరోనా వచ్చి బడుల్ల బ్యాండ్లు సగం ఖాళీ అయినప్పుడు అమెరికాల కంపోజర్లు మళ్లీ ఈ దారి పట్టిన్రు, దాన్ని 'ఫ్లెక్స్ బ్యాండ్' అంటున్నరు. చదివినప్పుడు మాకు సంబురమైంది. బోధన్‌ల ఒక రేకుల షెడ్డు కింద మేము చేస్తున్నది ఒట్టి సర్దుబాటు కాదు, అదొక పద్ధతి.

ఇంత రాసినంక మేము చేసిన తప్పు కూడ రాయాలె.

పిల్లనగ్రోవి వాయించే తమ్ముని 'స' మాకు కుదరలేదు. వాడు వెదురు కోసి, ఇనుప సువ్వ కాల్చి, కన్నాలు పెట్టుకున్న పిల్లనగ్రోవి అది. దాని 'స' ఆరుకు ఆరున్నరకు నడుమ ఎక్కడనో ఉంది. ట్రంపెట్‌కు గొట్టం కొంచెం గుంజి శృతి దించొచ్చు. హార్మోనియాన్ని దించలేం. రెండు మూడు వారాలు చూసి, "నువ్వు ఈసారికి కాగితాలు పట్టుకోరా, సామాను చూసుకో" అన్నం. వాడు సరే అన్నడు. మూడు ఆదివారాలు బస్సుల నగారా మోసుకొచ్చింది వాడే. ఒక్క మాట అనలేదు. మేమైతే ఆ మూడు వారాలు మస్తు కుదిరిందని సంబరపడ్డం.

జనవరి మొదటి వారంల ఇంకో దెబ్బ పడ్డది. యుఫోనియం వాయించేటోని బాపుకు నడుము పట్టింది. వాళ్లింట్ల చెరుకు నరికే పనికి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నరు. అడ్వాన్సు జోడి లెక్కన ఇస్తరు. మొగడు పెండ్లాం కలిస్తే ఒక జోడి, ఒక కొయితా. ఒకరు పడిపోతే జోడి తెగుతది, అడ్వాన్సు మెడకు చుట్టుకుంటది. అందుకని బాపు జాగల వీడు పోయిండు, యాడితోని కలిసి నరకను. పోయేముందు యుఫోనియం తుడిచి, బట్ట చుట్టి, మంచం కింద పెట్టి పోయిండు. "వస్తవా మళ్ల?" అంటే "చూస్తా" అన్నడు. పరీక్షలకు హాజరు తగ్గితే ఏమైతదో వానికీ ఎరుకే, మాకూ ఎరుకే. హాస్టల్ల 'చూస్తా' అని పోయినోళ్లు ఎంతమంది తిరిగి రాలేదో మీకు కూడ తెలుసు.

ఆ ఆదివారం రిహార్సల్ల పాట కూలిపోయింది. నాలుగో వరుస వాడొక్కడే వాయించేటోడు. 'ఉం' లేకుంటే 'చక్' ఎక్కడ పడాలె? ట్రంపెట్లు ఉరికినయి, క్లారినెట్ వెనకబడ్డది. ఉస్తాద్ చెయ్యెత్తి ఆపి, "ఒక్క గుంజ మీద ఇల్లు కడితిరి. తప్పు పోయినోనిది కాదు, కట్టినోళ్లది" అన్నడు.

ఆ రాత్రి హాస్టల్ల చార్టు పేపర్ చింపి మళ్ల రాసినం. ఈసారి నియమం ఒక్కటే: ఏ వరుసా ఒక్కని మీద ఉండొద్దు. ప్రతి వరుసకు ఇద్దరు, ఆ ఇద్దరూ వేరే వేరే వాద్యాలు. అడుగు వరుసను హార్మోనియం కింది మెట్ల మీదికి తెచ్చినం, దాని వెంబడి నగారా అదే కొలతల పడ్డది. రెండో ట్రంపెట్, ఒక కంచు పళ్లెం కలిసి 'చక్' పట్టుకున్నయి. పాటను మొదటి ట్రంపెట్, క్లారినెట్ చూసుకున్నయి. జోడి కోసం బ్యాండు షాపుల శాక్సోఫోన్ ఊదే పక్క హాస్టల్ అన్నను అడిగినం. ఆయన వచ్చి కూర్చుంటే మేము అడిగింది ఒక్కటే, నీ 'స' ఎక్కడన్నా అని. పావుగంటల కలిసిపోయిండు. ఆయన రాని రోజు జోడి వరుసను క్లారినెట్ అందుకోవాలె, అది కూడ చిన్న అక్షరాలతో క్లారినెట్ కాగితం మీద రాసిపెట్టుకున్నం.

అట్ల రాస్తుంటే ఒక మూలకు కూర్చొని గీతలు గీస్తున్న పిల్లనగ్రోవి తమ్ముడు కనబడ్డడు. అప్పుడు మాకు సిగ్గనిపించింది. లేనోని జాగ ఎట్ల నింపాలె అని రాత్రి పన్నెండు దాక ఆలోచిస్తున్నం. ఉన్నోనికి జాగ చెయ్యాలని మూడు వారాల సంది ఎవరికీ తోచలేదు. మమ్ముల 'నీ కాగితం లేదు' అన్నోళ్ల మీద కోపం పెట్టుకొని, మేము వానికి అదే మాట చెప్పినం.

ఉస్తాద్‌కు ఫోన్ చేసి అడిగినం. ఆయన చెప్పిన ఉపాయం రాస్తున్నం, మీకు పనికొస్తది. శృతి కుదరని వాద్యాన్ని గుంపుల కలపకు, దానికి ఒంటరిగ జాగ ఇయ్యి. పాట నడుమ అందరం ఆగిపోవాలె. నగారా మెల్లగ, చేతి వేళ్లతోనే. పదహారు మాత్రలు పిల్లనగ్రోవి దాని 'స'ల అది పాట చెప్తది. అది ఆగినంక ఎనిమిది మాత్రలు నగారా, పళ్లేలు మాత్రమే. ఆ ఎనిమిది మాత్రలల్ల విన్నోని చెవి పాత 'స'ను మరిచిపోతది. తర్వాత బ్యాండు ఎత్తుకుంటే తేడా తెల్వదు. ఆ గ్రెయింజర్ పల్లెటూరోళ్లు పాడిన పాటలను ఫోనోగ్రాఫ్ మీద రికార్డు చేసుకొని, వాటితో 1937ల 'లింకన్‌షైర్ పోజీ' అని బ్యాండు కోసం రాసిండు. పాడినోళ్ల విరుపులు, తాళం సాగదీసుకున్న తీరు సరిదిద్దకుండ అట్లనే ఉంచిండని చదివినం. మేము కూడ వాని 'స'ను సరిదిద్దలేదు.

జనవరి 24న ఏర్పాట్లు చూసే ఒకాయన రిహార్సల్ చూసిండు. పాట బాగుందన్నడు. "కానీ ఆ నగారా, పళ్లేలు తీసెయ్యండి. బ్యాండు అంటే బ్యాండు లెక్క ఉండాలె. అవి మీ కల్చరల్ ప్రోగ్రాంల పెట్టుకోండి" అన్నడు. మాకు కడుపుల కలుక్కుమన్నది. గుస్సాడీ కనకరాజు గారికి 2021ల, కోయల కంచుతాళం సకిని రామచంద్రయ్య గారికి 2022ల పద్మశ్రీ ఇచ్చింది ఇదే దేశం గదా. ఇద్దరూ ఇప్పుడు లేరు. బిరుదుకు మన వాద్యం కావాలె, జెండా ముందర నడవను పనికిరాదా?

కొట్లాడాలనిపించింది, కానీ ఉస్తాద్ చెప్పినట్టు చేసినం. గోడ మీది చార్టు తెచ్చి ఆయన ముందర పెట్టి, "సార్, నగారా తీస్తే అడుగు వరుసల సగం పోతది. పళ్లెం తీస్తే 'చక్' సగం పోతది. ఏది తియ్యాలెనో మీరే చూపెట్టండి" అన్నం. ఒకసారి నగారా లేకుండ వాయించి వినిపించినం కూడ. ఆయన కొంచెంసేపు ఊకున్నడు. "సరే కానియ్యండి" అన్నడు. ఆయన మనసు మారిందని మేము అనుకుంటలేం. నగారా అలంకారం కాదు, పాటకు కాలు అని మాత్రం విన్నడు. పెట్టుకోను పక్కన ఇంత జాగ ఇచ్చి ఉంటే తీసెయ్యడం అల్కగనే అయ్యేది. వరుస లోపల ఉన్నదాన్ని తీసెయ్యడం అంత అల్కగ కాదు.

26 నాడు ఎట్లైందంటే, గొప్పగ ఏం కాలేదు. చలికి ట్రంపెట్ ఒకచోట పగిలింది. శాక్సోఫోన్ అన్నకు జ్వరం, రాలేదు. చిన్న అక్షరాలు చూసి క్లారినెట్ తమ్ముడు జోడి అందుకున్నడు, ఎవరికీ తెల్వలేదు. పిల్లనగ్రోవికి మైకు పెట్టలేదు, ముందు రెండు మూడు వరుసలకే వినిపించింది. కానీ ఆ పదహారు మాత్రలు గ్రౌండు సద్దుమణిగింది. గేటు దగ్గర నిలబడ్డ మా ఊరి ఆటో అన్న నగారా వినంగనే నోట్ల వేళ్లు పెట్టి ఈల కొట్టిండు. యుఫోనియం వాడు చెరుకు చేన్ల నుంచి ఫోన్ల విన్నడు. అటు దిక్కు కొయితాల చప్పుడు మాకు వినిపించింది.

మార్చి రెండో వారంల వాడు తిరిగొచ్చిండు. అరచేతులు గట్టిపడ్డయి, చెరుకాకు కోసిన గీతలు మోచేతి దాక ఉన్నయి. హాజరు సంగతి ఇంకా నడుస్తున్నది, కాగితాలు పట్టుకొని తిరుగుతున్నం. వచ్చిన రోజు రాత్రి గోడ మీది చార్టు ముందర నిలబడి, "నా వరుస ఇప్పుడు ఎవరు వాయిస్తున్నరు?" అని అడిగిండు.

"ఇద్దరం. నువ్వొస్తే ముగ్గురం" అన్నం.

మంచం కింద నుంచి యుఫోనియం తీసి, బట్ట విప్పి, మీటలకు నూనె పెట్టుకుంట కూర్చున్నడు.

మీరు కూడ చెయ్యాలనుకుంటే పెద్ద ఖర్చు లేదు. పాటను స రి గ మ ల రాసుకోండి. నాలుగు వరుసలు చెయ్యండి. ఒక్కొక్కని 'స' ఎక్కడుందో ముందు కనుక్కోండి. ఏ వరుసా ఒక్కని మీద పెట్టకండి, మన పిల్లలు ఎప్పుడు ఏ పనికి పోవాల్సి వస్తదో చెప్పలేం. కుదరనోడు ఉంటే ఒంటరి జాగ ఇయ్యండి, సామాను మోయించకండి. ఆదిలాబాద్ దిక్కు పెప్రె, డోలు, కాలికోం ఉన్నోళ్లు, భద్రాచలం దిక్కు కంచుతాళాలు ఉన్నోళ్లు మీ వాద్యం 'స' ఎక్కడుందో రాసి పంపండి. వచ్చే ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి చార్టుల ఒక గడి ఖాళీగ పెట్టినం.